అట్టముక్క తీసేస్తే సరిపోతుందండీ

విజయవాడలో పాత పుస్తకాలు అమ్ముకునే చిన్న వ్యాపారం నాది. పోయిన వారం అల్లూరి జిల్లాలోని ఒక పాఠకునికి పంపవలసిన పుస్తకాన్ని కట్టి పోస్టాఫీసు కౌంటరులో ఇస్తే, తూకంలో 312 గ్రాములు చూపించింది. అక్కడున్న అమ్మాయి కట్టను అటూ ఇటూ తడిమి, "లోపల పెట్టిన అట్టముక్క తీసేయండి సార్, 300 లోపు వస్తే 20 రూపాయలతో పోతుంది" అని చెప్పి, మళ్ళీ అతికించడానికి టేపు కూడా తనే ఇచ్చింది. వచ్చినవాడి ఖర్చు తగ్గించాలని ఇంతగా తాపత్రయపడే వ్యాపార సంస్థ ఎక్కడైనా ఉంటుందా అని ఇంటికి చేరేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

ఆ 20 రూపాయల సదుపాయం పేరు జ్ఞాన్ పోస్ట్. పుస్తకాలను చౌకగా పంపుకునే బుక్ పోస్టును 2024 డిసెంబరులో ఎత్తివేసినప్పుడు నాలాంటి చిన్న అమ్మకందార్లందరం గొల్లుమన్నాం. 2025 మే 1న ఇది మొదలయ్యాక కాస్త ఊపిరి పీల్చుకున్నాం. క్రమం తప్పక వెలువడే పత్రికలకు మాత్రం ఇది వర్తించదు.

అయితే ఈ చౌక ఎవరి జేబులోంచి వస్తున్నదో కూడా చూడాలి. 1879లో మన దేశానికి వచ్చిన పోస్టుకార్డు నేటికీ అర్ధరూపాయే. దానిని గమ్యం చేర్చడానికి 12 రూపాయలకు పైగా ఖర్చవుతున్నదని 2016-17 నాటి తపాలా శాఖ వార్షిక నివేదికే లెక్క చెప్పింది. 2018-19లో శాఖ లోటు 15,000 కోట్ల రూపాయల స్థాయికి చేరింది. వచ్చిన ఆదాయం జీతాలకు, పింఛన్లకే చాలలేదు. ఉత్తరాలు ఫోన్లలోకి వెళ్ళిపోయాయి, పార్సిళ్ళలో పెద్ద వాటా ప్రైవేటు కొరియర్ల చేతికి పోయింది. ఇప్పుడు శాఖను ఆదుకుంటున్న వాటిలో ముఖ్యమైనది, ప్రజల పొదుపు ఖాతాలను చూసుకుంటున్నందుకు ఆర్థిక శాఖ చెల్లించే ప్రతిఫలం. ఉత్తరాల శాఖను పాస్‌బుక్కులు పోషిస్తున్నాయన్నమాట!

దేశంలోని లక్షా అరవై వేలకు పైగా పోస్టాఫీసులలో పదింట తొమ్మిది పల్లెల్లోనే ఉన్నాయి. తెనాలి దగ్గర మా పిన్ని వాళ్ళ ఊరిలో పోస్టాఫీసంటే ఒక ఇంటి ముందు గది, ఒక బల్ల, ఒక ఫోను, వేలిముద్ర యంత్రం. డబ్బు తీసుకోవడానికి వచ్చిన, పొలం పనులతో వేళ్ళు అరిగిపోయిన ముసలమ్మకు ముద్ర పడకపోతే, పోస్టు చూసే ఆవిడ తన చెంగుతోనే ఆ వేలు తుడిచి, "ఇంకో వేలు పెట్టవే అత్తా" అంటూ నాలుగైదు సార్లయినా విసుక్కోకుండా ప్రయత్నిస్తుంది. రోజుకు నాలుగైదు గంటల లెక్కన భత్యం అందుకునే గ్రామీణ డాక్ సేవకురాలామె. శాఖలోని పూర్తికాలపు ఉద్యోగులకు ఉండే హోదా గానీ పింఛను గానీ ఆమెకు లేవు. లాభనష్టాల పట్టీ ముందు పెట్టుకుని కూర్చుంటే మొట్టమొదట మూతపడేది ఆ గదే.

1898 నాటి చట్టం ఉత్తరాలు చేరవేసే గుత్తహక్కును ప్రభుత్వానికే కట్టబెట్టింది. దాని స్థానంలో 2024 జూన్ 18న అమలులోకి వచ్చిన కొత్త చట్టంలో ఆ హక్కు లేదు. హక్కు పోయింది గానీ, ఎవరూ వెళ్ళని ఊరికి వెళ్ళవలసిన బరువు మాత్రం అలాగే ఉంది. డెన్మార్కులో అక్కడి తపాలా సంస్థ 2025 చివరితో ఉత్తరాల బట్వాడానే మానుకున్నది. వాళ్ళకు చెల్లుతుందేమో గానీ, మనకు చెల్లదని నా అభిప్రాయం.

అలాగని శాఖను వెనకేసుకు రావడం లేదు. ఇంత పెద్ద యంత్రాంగం చేతిలో ఉండి కూడా ఆన్‌లైన్ కొనుగోళ్ళ పార్సిళ్ళను ఇతరులకు వదులుకోవడం చేజేతులా చేసుకున్నదే. పట్నాల్లో కూతవేటు దూరంలో ఉన్న పోస్టాఫీసులను కలిపివేసినా నేను అభ్యంతరం చెప్పను. పల్లె సేవకు అయ్యే ఖర్చును మాత్రం నష్టమని రాయకుండా, బడ్జెట్టులో విడిగా చూపించి ఏటా చెల్లించాలి. ప్రకాశం బ్యారేజీ ఈ ఏడు ఎంత సంపాదించిందని మనమెవరమూ అడగడం లేదు కదా.

నిన్న ఆ పాఠకుడు ఫోన్ చేశారు. కొరియర్ వాళ్ళయితే మండల కేంద్రానికి వచ్చి తీసుకెళ్ళమంటారట, పుస్తకాన్ని మాత్రం డాక్ సేవకుడే కొండెక్కి ఇంటికి తెచ్చి ఇచ్చాడట. మరో మూడు పుస్తకాలు కావాలన్నారు. ఈసారి కట్ట కిలో దాటేలా ఉంది.