సెయింట్ ఆబ్స్: ఊరివాళ్లు కాచుకుంటున్న సముద్రం

ఎడింబరో నుంచి బెరిక్ వైపు వెళ్లే రైలెక్కి, 2022లో మళ్లీ తెరిచిన రెస్టన్ స్టేషన్‌లో దిగితే, అక్కడి నుంచి సెయింట్ ఆబ్స్ కొద్ది మైళ్ల దూరమే. స్కాట్లాండ్ ఆగ్నేయ తీరంలో, నిటారు కొండల కింద చిన్న రేవును ఆనుకుని ఉన్న మత్స్యకార గ్రామం అది. ఐమత్ పట్టణం నుంచి పెటికో విక్ దాకా దాదాపు 8 కిలోమీటర్ల తీరం వెంబడి, 50 మీటర్ల లోతు వరకు ఉన్న సముద్రాన్ని ఇక్కడివాళ్లు 1984లో స్వచ్ఛంద రక్షిత ప్రాంతంగా ప్రకటించుకున్నారు. నేను జూన్‌లో అక్కడికి వెళ్లింది దాన్ని చూడటానికే.

చుట్టుపక్కల పెద్ద నదులేవీ కలవకపోవడం వల్ల ఇక్కడి నీరు బాగా తేటగా ఉంటుంది. అందుకే డైవర్లు ఎప్పటినుంచో ఈ చోటును వెతుక్కుంటూ వస్తున్నారు. వచ్చినవాళ్లు అడుగున దొరికిన పీతలను, లాబ్‌స్టర్లను పట్టుకుపోతుంటే, వాటి మీదే బతికే జాలరులకు కడుపు మండటం సహజమే. ఇరుపక్షాలూ కూర్చుని కుదుర్చుకున్న ఒప్పందం ఇదీ: డైవర్లు చూసి వెళ్లాలే తప్ప ఏదీ తీయకూడదు, జాలరుల బుట్టల జోలికి పోకూడదు, స్థానిక జాలరులు మాత్రం ఎర పెట్టిన బుట్టలను అడుగుకు దించి పట్టుకునే తమ వేటను కొనసాగించుకోవచ్చు. ఈ తీరానికి వేరే చట్టాల రక్షణ కూడా ఉంది కానీ, ఈ ఒప్పందం వెనుక మాత్రం జరిమానా లేదు, పోలీసు లేడు. మన కోస్తాలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధం ప్రభుత్వ ఉత్తర్వు. మత్స్యకార పల్లెల్లో పెద్దలు పెట్టే కట్టుబాటు వేరు. సెయింట్ ఆబ్స్‌లో నేను చూసింది ఈ రెండో రకం.

రేవులో ఒక జాలరి బుట్టలు దించుతూ, లాబ్‌స్టర్ కంటిగుంట దగ్గర నుంచి వీపు పెంకు చివరి దాకా ఇత్తడి కొలబద్ద పెట్టి చూపించాడు. కొలతకు తగ్గితే తిరిగి నీళ్లలోకే.

ఆటు సమయంలో రేంజర్ వెంట రాళ్ల మధ్య మడుగుల్లోకి దిగాం. నీరు తీసిన రాళ్లకు ఎర్రటి జెల్లీ ముద్దల్లా అతుక్కుని ఉన్నవి సీ అనిమోన్లు అనే సముద్ర జీవులని, మడుగులో మునిగి ఉన్నవి తంతువులు విప్పుకున్నాక గాని నాకు తెలియలేదు. రేంజర్ ఒక రాయిని మెల్లగా తిప్పి, అడుగున దాక్కున్న చిన్న పీతలను, నక్షత్ర చేపను చూపించి, ఆ రాయిని సరిగ్గా ముందున్నట్టే బోర్లించాడు. తిరగేసి వదిలేస్తే కింది స్పాంజీలు ఎండకు ఎండిపోతాయి, పైన పెరిగే నాచు వెలుతురు అందక చస్తుంది. మాతో వచ్చిన పిల్లలు ఆ తరువాత ప్రతి రాయినీ అంతే శ్రద్ధగా యథాస్థానంలో పెట్టడం చూశాక, ఈ పద్ధతి ఇంతకాలం ఎలా నిలిచిందో కొంత అర్థమైంది. ఇక్కడ తప్పు చేసినవాడు ఊరందరి కంటా పడతాడు. నా దృష్టిలో దీని బలమంతా అదే.

దీని హద్దు కూడా అక్కడే ఉంది. ఊరి పక్కన సెయింట్ ఆబ్స్ హెడ్ కొండ మీదికి ఎక్కితే, పక్షుల కన్నా ముందు వాటి రెట్టల వాసన ఎదురవుతుంది. 40 కోట్ల ఏళ్ల నాటి లావా రాతి అంచుల మీద గిల్లెమాట్లు అనే సముద్రపక్షులు భుజం భుజం ఆనించుకుని నిలబడి ఉంటాయి. వాటి మధ్య గూళ్లు కట్టుకునే కిట్టివేక్‌లు బ్రిటన్ అంతటా తగ్గిపోతున్నాయి. వాటి పిల్లలకు ఆహారమైన శాండ్ ఈల్ అనే సన్నచేపను ఉత్తర సముద్రంలో ఎక్కడో పెద్ద పడవలు తోడేస్తుంటే, సముద్రం వేడెక్కుతుంటే, 8 కిలోమీటర్ల కట్టుబాటు ఏం చేయగలదు? ఆ చేప వేటను స్కాట్లాండ్ జలాలన్నిటిలో, ఉత్తర సముద్రపు ఇంగ్లండ్ భాగంలో ఆపడానికి 2024లో ప్రభుత్వాలే పూనుకోవలసి వచ్చింది.

వెళ్లదలచినవాళ్లు ఆటుపోట్ల వేళలు ముందే చూసుకోవాలి. పోటు మీదుంటే మడుగులు కనిపించవు. గిల్లెమాట్లు జూలై దాటాక కొండను ఖాళీ చేస్తాయి. నవంబరులో అక్కడి చిన్న బీచ్‌లలో బూడిదరంగు సీళ్లు పిల్లలను కంటాయి. వాటిని కొండ మీది నుంచే చూడాలి, కిందికి దిగకూడదు.