మాన్లీలో మన పందికొక్కు

సిడ్నీలో మా అమ్మాయి దగ్గర ఉన్న రెండు నెలల్లో ఓపెరా హౌస్ ముందు ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు. అక్కడి మాన్లీ దగ్గరున్న నార్త్ హెడ్ కొండకొనలో పచ్చిక ముందు చలికి వణుకుతూ నిలబడింది మాత్రం బాగా గుర్తుంది. పందికొక్కు కోసం!

"పందికొక్కు కాదు నాన్నా, బాండికూట్" అంది అమ్మాయి ఫెర్రీలో.

"రెండూ ఒకటేనమ్మా" అన్నాను.

మాటయితే ఒకటే. మన పందికొక్కే ఇంగ్లీషువాళ్ల నోట్లో పడి బాండికూట్ అయింది. 1886లో వచ్చిన, మన మాటలు ఇంగ్లీషులోకి వెళ్లిన తీరు చెప్పే హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో కూడా ఇది తెలుగు మాటేనని ఉంది. మొదట ఆ పేరు మన గాదె కింది దొంగదే. 1799లో జార్జ్ బాస్ అనే ఓడ డాక్టరు ఆస్ట్రేలియాలో ఇంకో జంతువుకి అదే పేరు తగిలించాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఇంటిపేరు మాత్రం కలిసిపోయింది.

మాన్లీలో ఫెర్రీ దిగి, బస్సెక్కి నార్త్ హెడ్‌లోని పాత క్వారంటైన్ స్టేషన్‌కి వెళ్లాం. జబ్బు అనుమానం ఉన్న ఓడల వాళ్లను 1984 దాకా ఆపి ఉంచిన చోటు అది. ఇప్పుడు హోటలు. మొదటి సాయంత్రం ఏమీ కనపడలేదు. పచ్చికలో గరాటు పెట్టి తీసినట్టు చిన్న చిన్న గుంటలు మాత్రం ఉన్నాయి. "దాని ముక్కు పనే" అంది అమ్మాయి.

రెండో రోజు చీకటి పడ్డాక గోడవార ఏదో కదిలింది. కుందేలంత ఉంది. సన్నటి పొడుగు ముక్కు నేలలో గుచ్చి, ముందుకాళ్లతో చకచకా తవ్వుతోంది. దీనికి కంగారూలా సంచి ఉంటుంది, కాకపోతే నోరు వెనక్కి. తవ్వినప్పుడు మట్టి లోపల పడదన్నమాట. మన పందికొక్కుకి ఈ హంగులేవీ లేవు. నా చిన్నప్పుడు యానాదులు దాని కన్నంలోకి కుండతో పొగ ఊది పట్టేవాళ్లు. ఊపిరాడక బయటికొచ్చే ఆ మొరటు మొహానికీ దీనికీ పోలికెక్కడ?

నేను తుమ్మాను. అది ఒక్క గెంతులో పొదల్లోకి మాయమైంది.

రాత్రి ఊళ్లో ఉన్న అన్నయ్యకి ఫోన్ చేశాను.

"వడ్లు తింటుందా?"

"లేదన్నయ్యా, పురుగులూ దుంపలూ."

"గాదె కింద చేరుతుందా?"

"ఇక్కడ గాదెలెక్కడివి?"

"మరి పందికొక్కంటావేంట్రా!" అని విసుక్కుని ఫోన్ వదినకిచ్చేశాడు.