శేషాలు కింది నుంచి పైకే ఎందుకు? బైనరీతో నా అనుభవం

నెట్‌వర్కింగ్ పరీక్షకు చదువుతుంటే సబ్‌నెట్టింగ్ (ఒక నెట్‌వర్క్‌ను చిన్న భాగాలుగా విడగొట్టడం) దగ్గర బండి ఆగింది. ఐపీ అడ్రస్‌లో చుక్కల మధ్య ఉండే సంఖ్యల్ని 0, 1 మాత్రమే వాడే బైనరీలోకి మార్చాలి, అడ్రస్‌లో ఎంత భాగం నెట్‌వర్క్‌దో చెప్పే మాస్క్‌తో సరిచూడాలి, మళ్లీ మనం మామూలుగా వాడే డెసిమల్‌లోకి తేవాలి. అదీ కాలిక్యులేటర్ లేకుండా, గబగబా. బైనరీలోకి మార్చే పద్ధతి పాతదే: రెండుతో భాగించుకుంటూ పోవడం, శేషాలు పక్కన రాసుకోవడం, చివర్లో వాటిని కింది నుంచి పైకి చదవడం. కింది నుంచి పైకే ఎందుకో మాత్రం ఎక్కడా చెప్పరు. కారణం తెలియని నియమం టెన్షన్‌లో అన్నిటికంటే ముందు ఎగిరిపోతుంది. అందుకే ఈసారి బట్టీ పట్టకుండా, ఆ కారణమేదో తేల్చుకున్నాకే లెక్కల జోలికి వెళ్లాలనుకున్నాను.

ముందు సులువైన వైపు. 10110101 అని కాగితం మీద రాసి, కుడి చివరి నుంచి ఒక్కో అంకె మీద 1, 2, 4, 8, 16, 32, 64, 128 వేశాను. ఒకటి ఉన్నచోట్ల విలువలు తీసుకుంటే 128, 32, 16, 4, 1. మొత్తం 181. మనకు ఒకట్లు, పదులు, వందలు ఉన్నట్టే ఇక్కడ ఒకట్లు, రెండ్లు, నాలుగులు. ఇందులో తికమక ఏమీ లేదు.

ఇక అదే 181ని వెనక్కి తీసుకెళ్లాలి. రెండుతో భాగిస్తే 90, శేషం 1. ఇక్కడ ఆగి ఆలోచించాను, ఈ శేషం అసలు ఏం చెబుతోంది? 181 బేసి సంఖ్య అని, అంతే. బైనరీలో ఒకట్ల స్థానం తప్ప మిగతా స్థానాలన్నిటివీ సరి విలువలే కదా. మరి సంఖ్య బేసి అయిందంటే ఒకట్ల స్థానంలో 1 ఉండి తీరాలి. అంటే మొదట చేతికొచ్చే శేషమే కుడి చివరి అంకె! 90 అంటే 181లో ఎన్ని రెండ్లు ఉన్నాయన్న లెక్క. దాన్ని మళ్లీ సగం చేస్తే 45 నాలుగులు, విడిగా మిగిలిన రెండేమీ లేదు కాబట్టి శేషం 0. ఇలా 22, 11, 5, 2, 1, 0 దాకా దిగితే శేషాలు వరుసగా 1, 0, 1, 0, 1, 1, 0, 1. చిన్న స్థానం ముందు, పెద్ద స్థానం చివర దొరికాయి. మనం రాసేటప్పుడు పెద్ద స్థానం ఎడమన రావాలి కనుక కింది నుంచి పైకి చదువుతాం. అనుమానం తీరింది.

అసలు మజా ఆ తర్వాత వచ్చింది. బైనరీ అంకెల్ని ఎడమ నుంచి చదువుతూ, చేతిలో ఉన్నదాన్ని రెట్టింపు చేసి కొత్త అంకె కలుపుకుంటూ పోవచ్చు. ఎవరైనా 5, 3, 7 అని ఒక్కో అంకె చెబుతుంటే మన మనసులో 5, 53, 537 అని పెరుగుతుందే, సరిగ్గా అదే పని. కాకపోతే పదిరెట్లకు బదులు రెండురెట్లు. 10110101 మీద చేసి చూస్తే 1, 2, 5, 11, 22, 45, 90, 181 వచ్చాయి. పైన భాగించినప్పటి సంఖ్యలే, తిరగేసి. ఒకే నిచ్చెన: సగాలు చేస్తూ దిగితే బైనరీ, రెట్టింపు చేస్తూ ఎక్కితే డెసిమల్. స్థాన విలువల పట్టికతో పనే లేదు, బిట్లు (బైనరీ అంకెలు) ఎన్నున్నా ఇబ్బంది లేదు.

నిజం చెప్పాలంటే 255 లోపు సంఖ్యలకు నేను భాగాహారం కూడా చేయను. పెద్ద విలువ నుంచి 'పడుతుందా?' అని చూసుకుంటూ వస్తాను. 168లో 128 పడుతుంది, మిగిలింది 40. 64 పట్టదు. 32 పడుతుంది, 8 మిగిలింది. 16 పట్టదు, 8 పడుతుంది. 10101000, అయిపోయింది. బట్టీ పట్టదగ్గవి మాస్కులో వచ్చే విలువలు మాత్రమే: 128, 192, 224, 240, 248, 252, 254, 255. మాస్కులో ఒకట్లన్నీ ఎడమవైపే బారులు తీరి ఉంటాయి కాబట్టి సున్నా కాకుండా ఈ ఎనిమిదే వస్తాయి. 192.168.1.181, మాస్క్ 26 బిట్లు అని ప్రశ్న వస్తే, ఒక్కో సంఖ్యకు 8 బిట్ల చొప్పున మొదటి మూడింటికే 24 అయిపోతాయి కాబట్టి, చివరి సంఖ్యను 10, 110101 అని కోస్తాను. ముందు రెండు బిట్లు నెట్‌వర్క్‌వి, వెనక ఆరూ హోస్ట్‌వి, అంటే ఆ నెట్‌వర్క్‌లోని ఒక్కో యంత్రానివి. ఆ ఆరూ సున్నాలైతే 128, అదే నెట్‌వర్క్ అడ్రస్. ఆరూ ఒకట్లైతే 191, అదే అందరికీ ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ అడ్రస్.

ఈ సగాల లెక్క మన ఛందస్సులోనూ ఉందని తెలిశాక చాలాసేపు దానితోనే గడిపాను. పింగళుడి ఛందశ్శాస్త్రంలో ప్రస్తారం (గురులఘువుల అమరికలన్నిటినీ వరుసగా రాసిన పట్టిక) వరుస సంఖ్య ఇస్తే గురులఘువుల అమరిక రాబట్టే పద్ధతి ఉంది, దాన్ని నష్టం అంటారు. సంఖ్య సరి అయితే సగం చేసి లఘువు రాయాలి. బేసి అయితే ఒకటి కలిపి సగం చేసి గురువు రాయాలి. మూడక్షరాల గణాల మ, య, ర, స, త, జ, భ, న వరుసలో ఏడోది చూద్దాం. 7 బేసి, గురువు, ఒకటి కలిపి సగం చేస్తే 4. అది సరి, లఘువు, 2. మళ్లీ లఘువు. గురువు, లఘువు, లఘువు: భగణం! గురువును 0, లఘువును 1 అనుకుంటే 011. మన బైనరీలో చిన్న స్థానం కుడిన ఉంటుంది, ప్రస్తారంలో ఎడమన. తిప్పి రాస్తే 110, అంటే 6. మనం సున్నా నుంచి లెక్కిస్తాం, వాళ్లు ఒకటి నుంచి, తేడా అంతే. అమరిక నుంచి సంఖ్యకు వెళ్లే ఉద్దిష్టంలో అక్షరాల మీద 1, 2, 4 వేసి, లఘువుల మీదివి కూడి ఒకటి కలుపుతారు. భగణానికి 2, 4, ఆపైన 1, మొత్తం 7. నేను కాగితం మీద మొదట వేసిన పట్టిక ఇదే.

దశాంశాలు సబ్‌నెట్టింగ్‌కు అక్కర్లేదు, అయినా వదలబుద్ధి కాలేదు. చుక్కకు కుడివైపు భాగాన్ని సగం చేయరు, రెట్టింపు చేస్తారు. 0.625ని రెట్టింపు చేస్తే 1.25, చుక్క దాటిన 1ని రాసుకోవాలి. మిగిలిన 0.25 రెట్టింపు 0.5, కాబట్టి 0. దాని రెట్టింపు 1, కాబట్టి 1. జవాబు 0.101. ఇక్కడ మాత్రం పై నుంచి కిందికే చదవాలి. రెట్టింపు చేసిన ప్రతిసారీ అంకెలన్నీ ఒక స్థానం ఎడమకు జరుగుతాయి, చుక్కకు దగ్గరున్నదే ముందు దాటుతుంది మరి.

అదే ఊపులో 0.1 పట్టుకున్నాను. 0.2, 0.4, 0.8, 1.6. ఒకటి తీసేస్తే 0.6, దాని రెట్టింపు 1.2. ఒకటి తీసేస్తే మళ్లీ 0.2! ఇక తిరుగుడే: 0.000110011 అని 0011 ఆగకుండా వస్తూనే ఉంటుంది. కంప్యూటర్ దాన్ని ఎక్కడో ఒకచోట కోసేయాలి. దశాంశ సంఖ్యలకు వాడే మామూలు డబుల్ రకంలో 53 సార్థక బిట్ల దగ్గర సవరించి ఆపుతుంది. అందుకే చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అని కనబడుతుంది. 0.5, 0.75, 0.625లతో ఈ గొడవ లేదు, వాటి హారాలు 2, 4, 8. పదిలో రెండుతో పాటు ఐదు కూడా ఉంది, ఎన్నిసార్లు రెట్టింపు చేసినా ఆ ఐదు హారంలోంచి పోదు.