విప్పిన రెక్క

దసరాకు వారం ముందు. చంద్రగిరి దాటాక వేరుశనగ చేను పక్కన, కరెంటు తీగ మీద పాలపిట్ట కూర్చుని ఉంది. అలవాటుగా చూసి సాగిపోబోయి ఆగాను. మన పాలపిట్టకు గొంతు, రొమ్ము గోధుమవన్నెలో ఉంటాయి, వాటి మీద సన్నటి తెల్లచారలుంటాయి. దీనికి తల నుంచి పొట్ట దాకా ఒకటే లేతనీలం. వీపు ఇటుక రంగు.

ఐరోపా పాలపిట్ట కావచ్చునన్న ఆలోచనకే గుండె వేగం పెరిగింది. అది ఐరోపా నుంచి మధ్య ఆసియా, కశ్మీరు దాకా గూళ్లు కడుతుంది, చలికాలానికి ఆఫ్రికా వెళుతుంది. ఆ ప్రయాణంలో ఆగస్టు చివరి నుంచి అక్టోబరు వరకు గుజరాత్, రాజస్థాన్‌లలో కనిపిస్తుంది. దక్షిణాదిలో అరుదు.

పక్షుల పుస్తకం సంచిలోనే ఉంది, తీయలేదు. బొమ్మ చూసిన కన్ను ఆ తర్వాత బొమ్మనే చూస్తుంది. ముందుగా నోటుబుక్కులో రాసుకున్నాను: ఉదయం 7.20, ఎండ నా వీపు వైపు, దూరం సుమారు 40 అడుగులు, స్తంభం మీది నంబరు.

చేను రైతు దగ్గరికొచ్చి, "పాలపిట్టే కదా నాయనా, ఇంతసేపు ఏం చూస్తావు?" అన్నాడు. సమాధానం చెప్పేలోగా పిట్ట మిడత కోసం కిందికి దూకింది. వరసగా తీసిన 19 ఫొటోల్లో ఒక్కదానిలో రెక్క పూర్తిగా విప్పుకుంది. ఎగిరే ఈకలన్నీ నలుపు. మన పాలపిట్టకైతే ముదురు నీలం మధ్య మెరిసే లేతనీలం పట్టీ ఉండాలి.

చూసిన పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో ఎక్కిస్తే అరుదైనదని గుర్తు పడింది, వివరాలు రాయమంది. "స్పష్టంగా చూశాను" అని రాసి ఊరుకున్నాను. మూడో రోజు, అక్కడ నమోదులను సరిచూసే పరిశీలకుడి నుంచి ఉత్తరం: ఇది మన పాలపిట్ట పిల్ల ఎందుకు కాకూడదు? ఫొటో తేదీ రెండేళ్ల వెనక్కి ఎందుకుంది?

మొదట నొచ్చుకున్నాను. చదివినకొద్దీ ఆయన అడిగింది న్యాయమనిపించింది. నా మాట నమ్మడానికి ఆయన ఆ తీగ కింద లేడు కదా. బ్యాటరీ మార్చినప్పుడు కెమెరా గడియారం తప్పింది. ఆ మాటే రాసి, అదే ఉదయం ఫోనులో తీసిన స్తంభం ఫొటో జతచేశాను. రంగులు దిద్దిన ఫొటో తీసేసి అసలు ఫైలు పెట్టాను. రెక్కలో పట్టీ లేకపోవడం, రొమ్ము మీద చారలు లేకపోవడం విడివిడిగా రాశాను. తోక చివర సరిగా కనిపించలేదని కూడా రాశాను. దాన్ని దాచి ఉంటే మిగతా వాటి మీదా అనుమానం వచ్చేది.

పండుగ మర్నాడు ఆమోదం వచ్చింది. నేరుగా ఆ చేనికే వెళ్లాను. వేరుశనగ పీకడం అయిపోయింది, రైతు గట్టు మీద కాయలు ఏరుతున్నాడు. ఫోనులో ఆ రెక్క చూపించాను. మట్టి చేతిని పంచెకు తుడుచుకుని ఫోను అందుకుని చాలాసేపు చూశాడు.

"మరి మన పాలపిట్ట రెక్క ఎట్లా ఉంటుంది?"

అదే తీగ మీద ఒకటి కూర్చుని ఉంది. అది ఎగిరేదాకా ఇద్దరం గట్టు మీదే కూర్చున్నాం.