రెండో గేరు

ఘాట్ రోడ్డు దిగుతూ బైక్ బ్రేక్ లివర్ నొక్కితే మెత్తగా లోపలికి వెళ్లిపోయింది, ఎదురుగా హెయిర్‌పిన్ మలుపు, పక్కన లోయ. పై ప్రాణాలు పైనే పోయాయి.

ఎలాగో గేర్లు తగ్గించి పక్కకి ఆపాను. బ్రేక్ డిస్క్ దగ్గర మాడు వాసన. నాతోపాటు ట్రిప్‌కి వచ్చి, వెనక బండి మీద వస్తున్నవాడు దిగి, తిట్టకుండా (అదే ఇంకా భయం) "ఎన్నో గేర్లో దిగుతున్నావురా?" అన్నాడు. నాలుగు. అంటే భారమంతా బ్రేకుల మీదే. బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరైతే లివర్‌కి పట్టుండదు, చల్లారేదాకా ఆగాల్సిందే, ఎక్కిన గేర్లోనే దిగాలని నేనే ఎంతమందికి చెప్పానో.

అరగంట బండరాయి మీద కూర్చున్నాం. పొద్దుట్నుంచీ హెల్మెట్లలో ఎవరి లోకం వాళ్లది, రెండు రోజుల్లో మేం నిజంగా కబుర్లు చెప్పుకున్నది అప్పుడే.

తర్వాత రెండో గేర్లో, ఇంజిన్ గోల పెడుతుంటే, నత్తలా దిగాను. వెనక ఒక్కడూ హారన్ కొట్టలేదు.