శుక్రవారం, 51వ కీర్తన

ఈరోజు కూడా అదే జరిగింది. అయిదింటికే లేచాను. ముందు వ్యాసంలో ఒక్క పేరా రాసేసి ఉదయ ప్రార్థన చెప్పుకుందామని నోట్సు తీశాను. తలెత్తేసరికి ఏడు దాటింది. నాలుగు పేజీలయ్యాయి, రోజూ వేళకి చెప్పుకునే ప్రార్థనల పుస్తకం, బ్రెవియరీ, మాత్రం పెట్టిన చోటే ఉంది.

ఫాదర్ అవడానికి చదువుకునే సెమినరీలో అయితే గంట మోగగానే ఏ పుస్తకమైనా మూసి గుడికి వెళ్ళిపోతాం. సెలవులకి కోవూరు దగ్గర మా ఇంటికొచ్చి పన్నెండు రోజులైంది. ఇక్కడ గంట లేదు. పైగా ఫాదర్ అవడానికి ముందు మెట్టైన డీకన్ అయ్యేదాకా బ్రెవియరీ చెప్పి తీరాలన్న విధి నా మీద లేదు. ఎవరూ అడగరు. అడగరనే నాకు భయం.

ఆదరాబాదరాగా తెరిచాను. శుక్రవారం కాబట్టి 51వ కీర్తన, నాకు కంఠతా వచ్చిందే. సగంలో చూసుకుంటే పెన్ను ఇంకా చేతిలోనే ఉంది. 'హృదయం' అన్న మాట కింద గీత కూడా గీసేశాను, వ్యాసంలో పనికొస్తుందని. చాలాసేపు ఆ గీతనే చూస్తూ కూర్చున్నాను.

వ్యాసం తొలినాటి క్రైస్తవ వేదాంతి పునీత అగస్తీను కాలం గురించి చెప్పినదాని మీద. ఆయన రాసిన కన్ఫెషన్స్ 11వ పుస్తకంలో ఉంది. ఆయన ఇచ్చే ఉదాహరణ కూడా కీర్తనే: తెలిసిన కీర్తన మొదలుపెట్టక ముందు అంతా ఎదురుచూపులోనే ఉంటుంది, పలికేకొద్దీ ఒక్కో ముక్క జ్ఞాపకంలోకి వెళ్ళిపోతుంది. కాలమంటే ఏమిటన్న అంత కష్టమైన ప్రశ్నని ఆయన దేవుణ్ణే 'నీవు' అని పిలుస్తూ అడుగుతాడు. 'చదువే ప్రార్థన బ్రదర్' అంటారు మా సీనియర్లు. అగస్తీను విషయంలో అది నిజం. నా చదువుకి మార్కులున్నాయి, తేదీ ఉంది, టెన్షన్ ఉంది. రాసిన నాలుగు పేజీల్లో ఒక్కసారి కూడా నేను దేవుణ్ణి పలకరించలేదు.

సాయంత్రం కరెంటు పోయింది. అమ్మ వరండాలో చాప వేసుకుని జపమాల మొదలుపెట్టింది, క్రీస్తు శ్రమల్ని ధ్యానించే అయిదు దుఃఖ దేవరహస్యాలు. "సదువుకుంటుంటే సదువుకో నాయనా, నేను చెప్పుకుంటాలే" అంది. ఆ మాట గుచ్చుకుంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. మూడో రహస్యం దాకా పెదాలు మరియమ్మకి చెప్పే మంగళవార్త జపం చెబుతున్నా బుర్రలో వ్యాసమే తిరిగింది. తర్వాత ఎప్పుడు ఆగిపోయిందో తెలీదు.

నాన్న తెల్లారి అయిదింటికల్లా పొలానికి వెళ్తాడు, ఎనిమిదికి గానీ రాడు. కొక్కేనికి ఉన్న ఆయన చొక్కా జేబులో నా పెన్ను పెట్టేశాను. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క పెన్నే.