రన్‌బుక్‌లో లేని ఫోన్ కాల్

మా సపోర్ట్ కాంట్రాక్ట్ ఇంకో కంపెనీకి వెళ్లింది. కంపెనీ లెక్కలు నడిచే ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్‌లో ఇన్వాయిస్ ఇంటర్‌ఫేస్‌లు, అంటే బయటి నుంచి బిల్లులు లోపలికొచ్చే దారులు, చూసేది నేనే కాబట్టి 6 వారాల్లో కొత్త టీమ్‌కి అంతా అప్పజెప్పాలి. మొదటి 3 వారాలు కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్) సెషన్లు. నేను స్క్రీన్ షేర్ చేసి చెప్పడం, వాళ్లు రికార్డ్ చేసుకోవడం. చివర్లో "డౌట్లేమైనా ఉన్నాయా?" అంటే అందరూ మ్యూట్. డౌట్ రావాలన్నా కొంత అర్థం కావాలి కదా. అయినా ట్రాకర్‌లో ఆ వరుస పచ్చరంగులోకి మారిపోయేది.

తర్వాత షాడో, అంటే నేను పనిచేస్తుంటే వాళ్లు చూడటం. ఆపైన రివర్స్ షాడో. అంటే టికెట్లు (యూజర్లు పంపే సమస్యలు) వాళ్లే చూస్తారు, నేను పక్కన నోరు మూసుకుని కూర్చోవాలి. కేటీ మొత్తంలో నాకు కష్టమైన పని ఇదే.

ఒకరోజు 14 సప్లయర్ ఇన్వాయిస్ ఐడాక్‌లు (బిల్లు వివరాలు మోసుకొచ్చే ఎలక్ట్రానిక్ డాక్యుమెంట్లు) స్టేటస్ 51లో ఆగిపోయాయి. అంటే సిస్టమ్‌లోకి వచ్చాయి గానీ పోస్ట్ కాలేదు, ఖాతాల్లోకి ఎక్కలేదు. పోస్టింగ్ పీరియడ్, అంటే ఆ నెల ఎంట్రీలు వేయడానికి తెరిచి ఉంచే గడువు, మూసి ఉండటమే కారణం. నా రన్‌బుక్‌లో (ఏ సమస్యకి ఏం చేయాలో రాసిన పుస్తకంలో) ఉన్నది ఇంతే: ఓబీ52 స్క్రీన్‌లో పీరియడ్ తెరిచారేమో చూడండి, తెరిచి ఉంటే బీడీ87 స్క్రీన్‌లో రీప్రాసెస్ చేయండి, స్టేటస్ 53 (పోస్ట్ అయింది) వస్తే టికెట్ మూసేయండి. కొత్త టీమ్‌లోని ఒక అబ్బాయి పొల్లు పోకుండా అలాగే చేస్తున్నాడు. 14 సెలెక్ట్ చేసి, ప్రాసెస్ బటన్ మీదికి మౌస్ తెచ్చాడు.

"ఆగండాగండి!"

"పీరియడ్ తెరిచే ఉంది సార్."

"అకౌంట్స్ మేడమ్‌ని అడిగారా?"

"ఏమని సార్?"

నెలాఖరు హడావుడిలో ఐడాక్‌లు ఆగితే, పీరియడ్ తెరవగానే అర్జెంటువి ఆవిడ తనే ఎంటర్ చేసేస్తారు. ఆ తర్వాత మనం రీప్రాసెస్ చేస్తే అదే బిల్లు రెండోసారి పడుతుంది. డూప్లికేట్ చెక్ ఉంది కదా అంటారా? ఆవిడ రిఫరెన్స్ నంబర్లో మధ్య గీత కొట్టరు. సిస్టమ్‌కి అవి రెండు వేర్వేరు బిల్లులు. అందుకే 7 ఏళ్లుగా ముందు ఆవిడకి ఫోన్ చేసి, తర్వాతే బీడీ87 తెరుస్తున్నాను. అదీ ఒక స్టెప్పేనని నాకెప్పుడూ తట్టలేదు, అందుకే రాయలేదు.

ఫోన్ చేస్తే 3 అప్పటికే ఎంటరయ్యాయని తేలింది. వాటిని స్టేటస్ 68కి (ఇక ప్రాసెస్ చేయక్కర్లేదు) మార్చి, మిగతా 11 ప్రాసెస్ చేశాం.

ఆ సాయంత్రం నుంచి పీపీటీలు పక్కన పెట్టి నా పాత టికెట్లు తెరిచాం. ఒక్కోదానికీ వాళ్లది ఒకటే ప్రశ్న: "అప్పుడు ఎవరికి ఫోన్ చేశారు సార్?" ఇలాంటివే ఇంకో 4 బయటపడ్డాయి.

చివరి వారం ఆ అబ్బాయిని మేడమ్‌కి కాల్‌లో పరిచయం చేశాను. అంతా విని, "మీ నంబర్ ఇదే ఉంటుంది కదా?" అని నన్నడిగారు. ఉంటుంది మేడమ్ అన్నాను. అతను అది కూడా నోట్స్‌లో రాసుకున్నాడు.